ఐవీఎఫ్ మధ్యలో గుడ్లు సరిగ్గా రాకపోతే ఆపే హక్కు మీకుంది, మాకెవరూ చెప్పలేదు. ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం సైడ్ నుంచి ఐవీఎఫ్ కోసం తిరుగుతున్న వాళ్లు, అందులోనూ ఏఎంహెచ్ (అండాశయంలో గుడ్లు ఎన్ని మిగిలాయో అంచనా వేసే రక్తపరీక్ష) తక్కువ అని చెప్పించుకున్న వాళ్లు ఇది ఒక్కసారి చదవండి. సెంటర్ పేరు రాయను, కంప్లైంట్ నడుస్తోంది.

మాది నరసన్నపేట దగ్గర. నాకు 36, పెళ్లై తొమ్మిదేళ్లు, ఊళ్లో ఏ పెళ్లికెళ్లినా "ఏటమ్మా ఇంకా ఏటీ లేదా" అని అడగని మామ్మ లేదు. విశాఖ సెంటర్ వాళ్లు శ్రీకాకుళంలో ఫ్రీ క్యాంప్ పెట్టారని మా ఆడపడుచు చెప్తే వెళ్లాం. ఏఎంహెచ్ 0.6 వచ్చింది, స్కాన్‌లో రెండు వైపులా కలిపి నాలుగే చిన్న ఫాలికల్స్ (గుడ్డు పెరిగే సంచులు). ఆ కాగితం చూసి కూడా కౌన్సిలర్ అమ్మాయి నవ్వుతూ "ఏం పర్లేదు మేడం, మంచి డోసు ఇస్తాం" అంది. ప్యాకేజీ లక్షా 75 వేలు, ఒకేసారి కడితే 15 వేలు తగ్గింపు. మా ఆయన నా గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టి లోన్ తీసి అదే రోజు కట్టేశారు. మేం చేసిన మొదటి తప్పు అదే.

ఇదంతా అయిపోయాక విజయనగరంలో ఇంకో డాక్టరమ్మకి ఫైల్ చూపిస్తే ఆవిడ మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. వయసు 35 దాటి, ఏఎంహెచ్ 1.2 కన్నా తక్కువ, చిన్న ఫాలికల్స్ 5 కన్నా తక్కువ ఉంటే సూదులకి రెస్పాన్స్ తక్కువే, అంటే గుడ్లు తక్కువే వస్తాయని ముందే అనుకోవాలంట, 2016లో పోసిడాన్ అని డాక్టర్లు చేసుకున్న గ్రూపుల్లోనే ఈ నంబర్లు ఉన్నాయంట. అంటే నా విషయంలో ఇది అనుకోకుండా జరిగిందేం కాదు, డబ్బు కట్టించుకున్న రోజుకే వాళ్లకి తెలుసు. మాకు తెలీదు, అంతే.

పీరియడ్ రెండో రోజు నుంచి గుడ్లు పెంచే సూదులు మొదలు, రోజుకి 300 యూనిట్లు. ఆరో రోజు స్కాన్ చేసిన సిస్టర్ని "ఎన్ని కనపడుతున్నాయి" అని అడిగితే "టెన్షన్ పడకండి, బాగానే పెరుగుతున్నాయి" అంది, ఎన్ని అన్నది మాత్రం చెప్పలేదు. తొమ్మిదో రోజు స్కాన్ కాగితం టేబుల్ మీద ఉంటే మా ఆయన చదివేసి ఫోన్లో ఫోటో తీసుకున్నారు. కుడి వైపు ఒకటి 15 మిల్లీమీటర్లు, ఎడమ వైపు ఒకటి 11. అంతే. మిగతా రెండూ కదల్లేదు.

మేం ఇద్దరం బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆయనకి ఆపేద్దామని ఉంది, నాకేమో ఇంతవరకు వచ్చాక ఒక్క గుడ్డైనా వస్తే చాలు కదా అని. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నేను ముందుకెళ్లడమే తప్పు అనను, వయసు పైబడిన వాళ్లకి వచ్చిన ఒక్క గుడ్డు కూడా వదలకూడదని కొంతమంది డాక్టర్లే పికప్ (సూదితో గుడ్డు బయటికి తీయడం) చేస్తారు, తెలిసి చేస్తే అది వేరు. మమ్మల్ని మాత్రం అడగలేదు. లోపలికెళ్లి ఆపితే ఏమవుద్దండీ అంటే కౌన్సిలర్ "ఆపితే కట్టింది మొత్తం పోద్ది, డోసు 450 చేస్తే కొత్తవి కూడా వస్తాయి" అంది. ప్యాకేజీలో 300 వరకే అంట, పైదానికి విడిగా కట్టాలంట, అది అప్పుడే తెలిసింది. ఇంకో 38 వేలు. డాక్టర్ గారు రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు.

విజయనగరం డాక్టరమ్మ ఇక్కడే తల పట్టుకున్నారు. సూది మందు కొత్త గుడ్లని పుట్టించదు, ఆ నెల మొదట్లో సిద్ధంగా ఉన్న ఫాలికల్స్‌ని పెంచుద్ది అంతే, తొమ్మిదో రోజున డోసు పెంచితే కొత్తవి రావడం జరిగే పని కాదు అన్నారు. మా అత్తమ్మ పక్కనే ఉండి "నారుమడిలో నాలుగు మొక్కలే లేస్తే రెండు బస్తాలు ఎరువు ఎక్కువేస్తే మాత్రం ఐదోది వస్తాదేటి" అంది, డాక్టరమ్మ నవ్వేసి అదేనమ్మా అన్నారు. తక్కువ రెస్పాన్స్ వస్తుందని ముందే తెలిసిన వాళ్లకి 300 దాటి ఇవ్వమని చెప్పట్లేదు అని 2019లో యూరప్ డాక్టర్ల సంఘం ఈష్రే గైడ్‌లైన్‌లోనే ఉందంట.

ఆవిడ చెప్పింది విన్నాక నాకు అసలు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ తొమ్మిదో రోజున ఆపడం, కొనసాగడం మాత్రమే కాదు, ఇంకా దార్లు ఉన్నాయి. ట్రిగ్గర్ సూది (పికప్‌కి ముందు గుడ్డు పక్వానికి తెచ్చే చివరి సూది) వేయకముందే ఆపేస్తే పికప్, మత్తు, ల్యాబ్ ఖర్చు ఏమీ పడదు, తర్వాతి నెలల్లో వేరే పద్ధతిలో తక్కువ మందుతో చూసుకోవచ్చు. ట్యూబులు ఓపెన్‌గా ఉండి మగవాళ్ల రిపోర్టు బాగుంటే అదే సైకిల్‌ని ఐయూఐగా (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) మార్చొచ్చు, పికప్ అవసరం లేదు. ట్యూబుల ఎక్స్‌రే తీసి నా రెండు ట్యూబులూ ఓపెన్ అని ఇచ్చిన హెచ్‌ఎస్‌జీ రిపోర్టు అదే ఫైల్‌లో ఉంది, మా ఆయన రిపోర్టూ నార్మల్. ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. లేదంటే రెండు మూడు సైకిల్స్‌లో ఒకటీ రెండూ ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజ్ చేసి పోగు చేసుకోవచ్చు, ఖర్చు ఎక్కువే గానీ అది కూడా ఒక దారి.

మాకేం జరిగిందంటే, పన్నెండో రోజు రాత్రి ట్రిగ్గర్ వేశారు, ఆ సూది టైమ్ లెక్క పెట్టి 35 గంటలకి పికప్ అన్నారు, చలిలో తెల్లారి మూడింటికి కారు మాట్లాడుకుని విశాఖ పరిగెత్తాం. ఒక్క గుడ్డు. అదీ పక్వానికి రాలేదంట, ఎంబ్రియో అవ్వలేదు. మత్తు దిగి రెండు గంటలు కాలేదు, కౌన్సిలర్ మంచం దగ్గరకే వచ్చి డోనర్ ఎగ్ (వేరే ఆమె ఇచ్చిన గుడ్డు) ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది, ఈ రోజే కడితే 25 వేలు డిస్కౌంట్ అంట. నాకైతే ఎప్పటినుంచో ఇక్కడికి తీసుకురావాలనే చూశారేమో అనిపించింది, నిరూపించలేను అనుకోండి. డోనర్ ఎగ్ తీసుకోవడం తప్పేం కాదు, మా చుట్టాల్లోనే ఒకరికి అలా పాప పుట్టింది. కానీ అలాంటి మాట మత్తులో ఉన్న మనిషి దగ్గర ఎత్తుతారా?

కాబట్టి మీరు వెళ్లే ముందు ఇవి అడగండి, నోటి మాట కాదు, కాగితం మీద రాయించుకోండి. ఎన్ని ఫాలికల్స్ కన్నా తక్కువుంటే సైకిల్ ఆపుతారు, ఆ రోజు డాక్టరే మాతో కూర్చుంటారా. ట్రిగ్గర్‌కి ముందు ఆపితే పికప్ డబ్బు, ల్యాబ్ డబ్బు ఎంత వెనక్కిస్తారు. సూదులు ఎన్ని యూనిట్ల వరకు ప్యాకేజీలో ఉన్నాయి. డబ్బు దశల వారీగా కడతాం అనండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి, తగ్గింపు చూసి పడిపోకండి మాలాగ. సూది సీసాలు, బ్యాచ్ నంబర్ ఉన్న బిల్లులు కూడా అడిగి తీసుకోండి, మాకు ఖాళీ సీసా ఒక్కటి కూడా కళ్లజూపించలేదు. డీహెచ్‌ఈఏ, గ్రోత్ హార్మోన్, ఓవరీలోకి పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసి ఎక్కించేది) అని పైన అదనంగా యాడ్ఆన్‌లు చెప్తే ఆగి ఇంకో డాక్టర్ని అడగండి, అవేవీ అందరికీ రొటీన్‌గా ఇవ్వాల్సినవి కాదు.

ఇంకో సంగతి, దీనికి చట్టం ఉంది. ఏఆర్‌టీ చట్టం 2021ది, ఐవీఎఫ్ లాంటి వైద్యం చేసే సెంటర్ల కోసం పెట్టింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. సక్సెస్ అయ్యే అవకాశం ఎంత, ఖర్చెంత, సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి అని కౌన్సెలింగ్ ఇవ్వడం సెంటర్ బాధ్యత, ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్ సెల్ కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మేం శ్రీకాకుళం బ్రాంచిలో అడిగితే విశాఖ మెయిన్ బ్రాంచి కాగితం చూపించారు. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. మన మెడికల్ రికార్డు అడిగితే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్.

మేం రాతపూర్వకంగా రిజిస్టర్డ్ పోస్టులో అడిగాం. 72 గంటలు కాదు, 19 రోజులకి ఫైల్ వచ్చింది. పదకొండు పేజీలు. ఆరో రోజు స్కాన్ ఉంది, పన్నెండో రోజుది ఉంది, తొమ్మిదో రోజు పేజీ లేదు. మా ఆయన ఫోన్లో తీసిన ఫోటో ఉంది, ప్రింట్ తీయించి కంప్లైంట్‌కి జత చేశాం.