సూర్యోదయాల కన్నా చోడి అంబలే నయం: శ్రీకాకుళం నుంచి ఫోటోలు అమ్మిన అనుభవం

కెమెరా ఈఎంఐ దీనితోనే తీరిపోవాలి అనుకునేవాళ్లకి స్టాక్ సైట్లలో, అంటే మన ఫోటోలు పెడితే కావలసినవాళ్లు డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే వెబ్‌సైట్లలో, ఫోటోలు అమ్మమని నేను చెప్పను. ఎలాగూ ఆదివారం వస్తే కెమెరా భుజాన వేసుకుని ఊళ్ల మీద పడేవాళ్లకి మాత్రం గట్టిగా చెబుతాను, మొదలుపెట్టండి. తిత్లీ తుపాను వచ్చిన 2018లో నేను మొదటి ఫోటో అప్‌లోడ్ చేశాను. ఇప్పటికీ షటర్‌స్టాక్, అడోబీ స్టాక్, అలామీ మూడింటిలోనూ అమ్ముతున్నాను. ఉండేది శ్రీకాకుళం. కాలేజీలో పాఠాలు చెప్పడం ఉద్యోగం, ఫోటోలు ఇష్టం. నికాన్ డి5600, దానితో వచ్చిన కిట్ లెన్స్, ఒక 50 ఎంఎం లెన్స్, ఒక 70-300 జూమ్ లెన్స్, ఇదీ నా సామాను. ఈ పనికి ఇది బాగా సరిపోతుంది. షటర్‌స్టాక్, అడోబీ స్టాక్ అడిగేది కనీసం 4 మెగాపిక్సెళ్లు, ఈ కెమెరా ఇచ్చేది 24. కాబట్టి కొత్త బాడీ కొన్నాక చూద్దాంలే అని వాయిదా వెయ్యకండి.

ముందుగా ఏది అమ్ముడవుతుందో చెబుతాను, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లందరూ ఇక్కడే నిరాశపడతారు. కళింగపట్నం బీచ్‌లో తెల్లవారుజామున నిలబడి, లైట్‌హౌస్ పక్కగా సూర్యుణ్ణి పట్టి తీసిన ఫోటోలు నా దగ్గర బోలెడున్నాయి. చూసినవాళ్లందరూ బాగున్నాయంటారు. కొనేవాళ్లు లేరు. సముద్రం మీద సూర్యోదయం ప్రపంచంలో ప్రతి తీరంలోనూ ఉంటుంది, సైట్లో ఆ పేరుతో వెతికితే లక్షల ఫోటోలు వస్తాయి. అదే మా అత్తగారింటి అరుగు మీద తీసిన ఫోటో, ఇత్తడి గ్లాసులో చోడి అంబలి (అంటే రాగుల అంబలి), పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇన్నేళ్లుగా ఆగకుండా పోతూనే ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదంతా నా చోళ్ల ఫోటోలే పోయాయి: కంకి, కుప్ప నూర్పు, చేటలో గింజలు, తోపు ముద్ద. పత్రికలవాళ్లకి, పాఠ్యపుస్తకాలవాళ్లకి, ఆరోగ్యం గురించి రాసేవాళ్లకి కావలసింది అదే. చోడి పైరు చేలో ఎలా ఉంటుందో తెలిసి తీసినవాళ్లు తక్కువ.

మన జిల్లాల్లో ఉన్నవాళ్లకి ఇక్కడే పెద్ద అనుకూలం ఉంది. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో గింజ కొట్టే పని, బుడితి కంచు పాత్రలు, బొబ్బిలి వీణకి పనస దుంగ చెక్కడం, ఉద్దానంలో కొబ్బరి తోటలు, తాటి ముంజెలు కొట్టడం. బయటివాళ్లు ఒక్కరోజు వచ్చి తీసుకుపోలేనివి ఇవి. ఆ ఇళ్లలోకి వెళ్లగలిగేది మనమే.

పొందూరు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అక్కడి ఖాదీకి దూది శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. ఆ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజ ఇంకా లోపల ఉండగానే కొండపత్తిని దానితో దువ్వుతారు. తర్వాత చిన్న పీట మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, ఏకుతారు, ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో చుట్టి పెట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఇదంతా ఇంటి పడమటింట్లోనో వసారాలోనో జరుగుతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీలోంచి అడ్డంగా వెలుతురు పడినప్పుడు 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్4 అపర్చర్ దగ్గర చేతులు మాత్రమే తీస్తే ఒక్కో పీచూ విడివిడిగా కనిపిస్తుంది. నేను అలా చేతుల మీదే వంగిపోయి తీస్తుంటే ఒకావిడ అడిగింది: "ఏటమ్మా, సేతులే తీత్తన్నావు, మా మొకాలు బాగునేవేటి?" అప్పుడు ముఖం కూడా తీశాను. ఈ రోజుకీ నా దగ్గరున్న పోర్ట్రెయిట్లలో అదే నాకు ఎక్కువ ఇష్టం.

ముఖం కనిపిస్తే మోడల్ రిలీజ్ కావాలి, అంటే ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకుంటూ సంతకం పెట్టిన ఫారం. ప్రకటనల్లో వాడుకునే కమర్షియల్ లైసెన్స్ కింద అమ్మాలంటే, గుర్తుపట్టగలిగే ప్రతి మనిషి దగ్గరా సంతకం ఉండాల్సిందే. చేతులే అయితే మామూలుగా అక్కర్లేదు. కానీ మన పెద్దవాళ్ల ముంజేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి కదా, వాటితో మనిషిని గుర్తుపట్టవచ్చని వెనక్కి పంపేస్తారు. కాబట్టి పచ్చబొట్టు కనిపిస్తే సంతకం తీసుకోండి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. నేను ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, ఈ ఫోటో ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చని, అమ్ముడైతే ఒక్కోసారికి నాకు వచ్చేది కొన్ని రూపాయలేనని చెప్పి, అప్పుడు పెట్టించుకుంటాను. వద్దన్నవాళ్లని రెండోసారి అడగను. మళ్లీ వెళ్లినప్పుడు ప్రింటు తీసుకెళ్లి ఇస్తాను. నన్నడిగితే ఈ పనిలో తప్పనిసరి ఖర్చు అంటే ఆ ప్రింటుదే. మనుషులు నమ్మి ఇంట్లోకి రానిస్తున్నారు, వాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలి.

పండగలు, జాతరలు, గుంపులు తీస్తే అందరి దగ్గరా సంతకాలు కుదరవు. వాటిని ఎడిటోరియల్ కింద పెట్టాలి, అంటే వార్తలకి, పుస్తకాలకి మాత్రమే వాడుకునేలా. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం జరుగుతుంది. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు, అది గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. కోట వైపు ఏదైనా మేడ మీద ముందే మాట్లాడి పెట్టుకుంటే తప్ప ఫోటో రాదు, కింద నిలబడితే తలకాయలు తప్ప ఏమీ ఉండవు. షటర్‌స్టాక్ ఎడిటోరియల్ శీర్షికకి ఒక పద్ధతి ఉంది: ముందు ఊరు, దేశం, తర్వాత తేదీ, తర్వాత జరిగినది. తేదీ తప్పితే ఫోటో ఎంత బాగున్నా తీసుకోరు, కాబట్టి కెమెరాలో గడియారం సరిగా ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. శ్రీముఖలింగం, శాలిహుండం లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. అరసవల్లి గుడి లోపల కెమెరా ఊసే వద్దు.

పక్షుల సంగతి వేరు, వాటికి సంతకాలు అక్కర్లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఓపెన్‌బిల్ కొంగలు. విడిగా పక్షిని మాత్రమే తీస్తే పెద్ద లెన్సులవాళ్లతో పోటీ పడాలి, 70-300తో అది కష్టం. తేలుకుంచిలో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లుంటాయి. పెంకుటిల్లు, దాని మీద వంగిన చెట్టు, నిండా కొంగలు, కింద మామూలుగా గిన్నెలు తోముకుంటున్న మనిషి, అన్నీ ఒకే ఫ్రేములో పడితే ఆ ఫోటో విలువ వేరు. అలామీలో నాకు మంచి ధర వచ్చినవాటిలో ఇలాంటివే ఎక్కువ.

తీయడం సగం పనే. మిగతా సగం పేరు పెట్టడం, కీవర్డ్‌లు, అంటే కొనేవాళ్లు వెతికితే ఫోటో దొరికేలా చేసే పదాలు రాయడం. అడోబీ స్టాక్ 49 కీవర్డ్‌ల వరకూ ఒప్పుకుంటుంది, వాటిలో మొదటి పదికి ఎక్కువ విలువ ఇస్తుంది. షటర్‌స్టాక్‌లో 50. అందం, ప్రకృతి, ఇండియా లాంటి పదాలు ముందు పెడితే ఆ ఫోటో మళ్లీ ఎవరికీ కనబడదు. వస్తువు, పని, ఊరు, ఈ వరసలో రాయండి. ఊరి పేరుకి ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులుంటే అన్నీ పెట్టండి. చోళ్లు అని మనమంటాం, రాగులు అని వేరే జిల్లాలంటాయి, ఫింగర్ మిల్లెట్ అని కొనేవాడు వెతుకుతాడు. మూడూ ఉండాలి. నేను రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒక్కో ఫోటోకీ పది నిమిషాల పైనే పెడతాను. విసుగు పుట్టించే పనే, కానీ అమ్మకాలు పెరిగింది మాత్రం దీనివల్లే.

ఇక తిరస్కరణలు. ఫోకస్ సరిగా లేకపోవడం, నాయిస్ (ఫోటోలో ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు), ఒకేలా ఉన్న ఫోటోలు ఎక్కువ పంపడం, బోర్డుల మీద కంపెనీ లోగోలు, ఇవి మామూలు కారణాలు. సముద్రం గాలికి సెన్సార్ మీద దుమ్ము చేరి ఆకాశంలో మచ్చలు పడతాయి, నూరు శాతం పెద్దది చేసి చూసుకోకుండా పంపకండి. కెమెరా సంచిలో సిలికా జెల్ లేకపోతే మన ఉక్కకి లెన్స్‌లో ఫంగస్ పట్టేస్తుంది. ఒకసారి పొందూరు ఫోటో ఒకదాన్ని ఒక సైట్ సెన్సార్ దుమ్ము అని వెనక్కి కొట్టింది. అది దుమ్ము కాదు, వెలుతురులో ఎగురుతున్న దూది పీచు. గాల్లో తేలుతున్న పత్తి నూగు అని వివరణలో రాసి మళ్లీ పంపాను, తీసుకున్నారు. కారణం సరైంది కాదనిపిస్తే వివరణ మార్చి మళ్లీ పంపడానికి మొహమాటపడకండి.

డబ్బు సంగతికి వద్దాం. అడోబీ స్టాక్ ఫోటోలకి అమ్మిన ధరలో 33 శాతం ఇస్తుంది. చందా కట్టినవాళ్లు తీసుకుంటే తక్కువలో తక్కువగా చేతికొచ్చేది 33 సెంట్లు. 25 డాలర్లు చేరితే గానీ తీసుకోలేం, అంటే ఆ లెక్కన 76 డౌన్‌లోడ్లు. షటర్‌స్టాక్ 2020 జూన్ 1 నుంచి పద్ధతి మార్చింది: ఆ ఏడాది ఎన్ని డౌన్‌లోడ్లయ్యాయన్నదాన్ని బట్టి 15 నుంచి 40 శాతం, ఆరు మెట్లు, మళ్లీ జనవరి 1న అందరూ మొదటి మెట్టుకే. కింది మెట్టులో ఒక ఫోటోకి 10 సెంట్లు రావడం మామూలు. దాని మీద అప్పట్లో ప్రపంచమంతా ఫోటోగ్రాఫర్లు గొడవ చేశారు, చాలామంది తమ ఫోటోలు ఆపేశారు. గొడవ న్యాయమైనదనే నా అభిప్రాయం. అయినా నేను అందులో ఉన్నాను, కొనేవాళ్లు అక్కడున్నారు కాబట్టి. అలామీలో అమ్మకాలు అరుదు, కానీ వచ్చినప్పుడు చాలాసార్లు డాలర్లలో వస్తాయి. అన్నీ కలిపి నాకు ఏడాదికి వచ్చేది పెట్రోలు, ప్రింట్లు, లెన్స్ సర్వీసింగ్ ఖర్చులు దాటి కొంచెం మిగులుతుంది. జీతం అనుకునేంత ఎప్పుడూ లేదు.

ఖాతా తెరిచిన రోజే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం పాన్ నంబరుతో నింపండి. అది లేకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 30 శాతం పన్ను పట్టుకుంటారు, భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం అది 15 శాతమే. డబ్బు పేపాల్, పేయోనీర్ లాంటి ఆన్‌లైన్ చెల్లింపు ఖాతాలో పడి అక్కణ్ణుంచి బ్యాంకుకి వస్తుంది, డాలరు మార్చేటప్పుడు కొంత పోతుంది. చిన్న మొత్తాలు పదేపదే తీసే బదులు కూడబెట్టి తీసుకోవడమే మేలు.

ఏఐ వచ్చాక మారిందా అని అందరూ అడుగుతున్నారు. మారింది. అడోబీ స్టాక్ 2022 డిసెంబరు నుంచి ఏఐతో చేసిన బొమ్మల్ని కూడా ఆ గుర్తుతో అమ్మనిస్తోంది. ఆఫీసులో నవ్వుతున్న మనుషులు, టేబుల్ మీద కాఫీ కప్పు లాంటి నా ఫోటోల అమ్మకాలు పడిపోయాయి. పొందూరు, పలాస, తేలుకుంచి ఫోటోలవి పడిపోలేదు. ఫలానా ఊళ్లో ఫలానా పని నిజంగా ఇలా జరుగుతుంది అని చూపించాల్సినవాళ్లకి నిజం ఫోటోనే కావాలి. ఇకముందు కూడా నా సమయం అటే పెడతాను.

సైట్ల కంటే ఎక్కువ తృప్తి ఇచ్చింది మాత్రం ఊళ్లో అమ్మినవి. కొత్తగా కట్టిన ఆసుపత్రి వరండాలకి వంశధార ఫోటోలు కాన్వాస్ మీద ప్రింటు చేయించి ఇచ్చాను. ఆ ఒక్క పనికి వచ్చింది స్టాక్ సైట్లలో ఒక ఏడాది ఆదాయం కంటే ఎక్కువ. అక్కడ సూర్యోదయాలు కూడా అడిగి తీసుకున్నారు, కళింగపట్నం అంటే వాళ్లకి సొంతం కదా. ఇంకోసారి ఒక ప్రెస్సువాళ్లు నా కోట ఫోటో ఒకటి అడగకుండా క్యాలెండరు మీద వేసేశారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసిన క్షణం నుంచే హక్కు తీసినవాళ్లది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వాళ్లకే పోతుంది. అందుకే పెళ్లి ఫోటోల సంగతి వేరు. నా దగ్గర రా ఫైలు, అంటే కెమెరాలోంచి నేరుగా వచ్చిన అసలు ఫైలు ఉంది, దాని ముందూ వెనకా తీసిన ఫ్రేములూ ఉన్నాయి. అవి చూపించి బిల్లు పంపాను, గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది గానీ డబ్బిచ్చారు. కాబట్టి రా ఫైళ్లు చెరిపెయ్యకండి. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి, వాటిలో ఒకటి ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉంచండి. మాది తుపాన్లు తగిలే జిల్లా.

ఊళ్లో ఎవరికి అమ్మినా ఇప్పుడు ఒక పేజీ కాగితం రాసిస్తున్నాను: ఏ ఫోటో, దేనికి వాడతారు, ఎన్ని కాపీలు, ఎంతకాలం, ఎంత రేటు. అదే ఫోటో స్టాక్ సైట్లలో కూడా ఉంటే ఆ మాట ముందే చెబుతాను. తమకి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని అడిగితే సైట్లోంచి తీసేసి, దానికి తగ్గట్టు రేటు పెంచి ఇస్తాను.