సముద్రపు నీళ్లా, సాల్ట్ మిక్సా? విశాఖలో కొత్తగా మెరైన్ ట్యాంక్ పెట్టేవాళ్లకు ఏది మేలు

ఎంవీపీ కాలనీలోనో, సాగర్ నగర్‌లోనో ఉంటూ కొత్తగా మెరైన్ ట్యాంక్ (సముద్రపు చేపలను పెంచే గాజు తొట్టి) పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడెక్కితే సముద్రం కనిపిస్తోంది. డబ్బు పోసి ఉప్పు కొనడం ఎందుకండీ? నాలుగు క్యాన్లు తీసుకెళ్లి నీళ్లు పట్టుకొస్తే సరిపోదా?" హైదరాబాద్ వాళ్లకు రాని సందేహం ఇది, న్యాయమైన సందేహం కూడా. ఈమధ్య కొత్త ట్యాంక్ పెట్టినప్పుడు నేనూ సముద్రపు నీళ్లనూ, సాల్ట్ మిక్స్‌నూ (మంచినీళ్లలో కలిపితే సముద్రపు నీళ్లలా తయారయ్యే లవణాల పొడి) పక్కపక్కన పెట్టుకుని లెక్క చూసుకున్నాను. ట్యాంక్ సైక్లింగ్, అంటే చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త ట్యాంక్‌లో పెరగడం, మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ముందు సముద్రపు నీళ్లలోని మంచి చెప్పాలి. కాల్షియం, మెగ్నీషియం, స్ట్రాన్షియం, అయోడిన్, ఇంకా లేశమాత్రంగా ఉండే మూలకాలన్నీ అందులో సరైన పాళ్లలో ఉంటాయి. ఏ కంపెనీ ఉప్పయినా వాటికి నకలే. భీమిలి వైపు రొయ్యల హేచరీలన్నీ సముద్రపు నీళ్ల మీదే నడుస్తున్నాయి. కాబట్టి సముద్రపు నీళ్లు పోస్తే చేపలు బతకవనే మాట నిజం కాదు. అయితే హేచరీల్లో ఆ నీళ్లను ఇసుక ఫిల్టర్ల గుండా పంపుతారు, బ్లీచింగ్ కలిపి సూక్ష్మజీవులను చంపుతారు, మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, పరీక్ష చేశాకే తొట్లలోకి వదులుతారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆ పనంతా ఎవరు చేస్తారు?

ఇక ఖర్చు. చాలామంది సముద్రం వైపు మొగ్గేది దీనికోసమే. వంద లీటర్ల ట్యాంక్‌లో వారానికి పది లీటర్లు మారుస్తామనుకుందాం. సెలినిటీ (నీటిలో ఉప్పదనం) 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు, రావాలంటే లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాముల సాల్ట్ మిక్స్ పడుతుంది. అంటే వారానికి 370 గ్రాములు, నెలకు కిలోన్నర. సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే మిగిలేది ఆ కిలోన్నర ఉప్పు ఖరీదు మాత్రమే. నీళ్లలో కరిగిన లవణాలను దాదాపు పూర్తిగా తీసేసే ఆర్వో-డీఐ ఫిల్టర్ ఖర్చు ఎలాగూ మిగలదు. ఈ సంగతి చాలామందికి తట్టదు. ట్యాంక్‌లోంచి ఆవిరయ్యేది ఒట్టి నీరు, ఉప్పు లోపలే ఉండిపోతుంది. తగ్గినంతా మళ్లీ సముద్రపు నీళ్లతో నింపితే ఉప్పదనం వారం వారం పెరుగుతూ పోతుంది. అందుకే రోజూ పైన పోసేవి ఉప్పు లేని శుభ్రమైన నీళ్లే కావాలి. మే నెలలో ట్యాంక్ 30 డిగ్రీలు దాటకుండా పైన ఫ్యాన్ పెడితే వంద లీటర్ల ట్యాంక్‌లో రోజుకు లీటరుకు అటూ ఇటూగా తగ్గిపోవచ్చు. వారం మొత్తం మీద అది మనం మార్చే నీళ్లకు దగ్గరగా వస్తుంది. కాబట్టి ఏ దారి పట్టినా ఆ ఫిల్టర్ కొనక తప్పదు.

మరో సంగతి, మన సముద్రం ఏడాదంతా ఒకేలా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన వానాకాలపు నీరంతా బంగాళాఖాతంలో పైపొరగా పరుచుకుంటుంది. అక్టోబర్ వచ్చేసరికి తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది, ఆ పలచని నీళ్లు విశాఖ మీదుగా కిందికి దిగుతాయి. ఎండాకాలంలో 34 దాకా ఉండే సెలినిటీ అక్టోబర్, నవంబర్ నెలల్లో 30 కంటే బాగా కిందికి పడిపోతుంది. ఎండాకాలం నీళ్లలోనూ మార్పు ఉంటుంది. మార్చి నుంచి మే దాకా ఈ తీరంలో లోతు నీరు పైకి ఉబికి వస్తుంది. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఈసీ లాఫాండ్, ఆయన సహచరులు దీని మీదే పరిశోధన చేశారు. చల్లగా, పోషకాలతో వచ్చే ఆ నీరు చేపల వేటకు మంచిది. గాజు తొట్టిలో మాత్రం ఆ నైట్రేట్, ఫాస్ఫేట్ పాచికి ఆహారమవుతాయి.

నవంబర్‌లో మీరు తెచ్చిన నీళ్లు 26 పీపీటీ ఉన్నాయనుకోండి. వారానికి పదో వంతు చొప్పున మారిస్తే 35లో ఉన్న ట్యాంక్ నాలుగు వారాల్లో 32కి దిగుతుంది. క్లౌన్ ఫిష్, డామ్సెల్ లాంటివి దీన్ని తట్టుకోవచ్చు. రొయ్య, నత్త, స్టార్ ఫిష్, పగడం అంత సులువుగా తట్టుకోవు. తగ్గిన ఉప్పును సరిచేయాలంటే చివరికి సాల్ట్ మిక్సే కొనాలి.

ఇవన్నీ కొలిచి సరిదిద్దుకోగలిగినవి. నేను సాల్ట్ మిక్స్ వైపు వెళ్లింది మాత్రం కొలవలేని వాటి వల్ల. మన దగ్గరుండే మామూలు టెస్ట్ కిట్ అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే శక్తి) చెబుతుంది. హార్బర్ వైపు నుంచి వచ్చిన డీజిల్ పొర, కాలువలోంచి కలిసిన సబ్బు నీళ్లు, బోటు రంగులోంచి దిగిన రాగి దానికి కనిపించవు. రాగి అతి కొద్దిగా ఉన్నా చేప బతికి బయటపడొచ్చు గాని రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

రెండో నెలలో ఒక ఉదయం లేచి చూస్తే చేప మూలన చేరి ఆయాసపడుతోంది, నత్తలు కదలడం లేదు. కొత్తవాళ్లకు ఇది దాదాపు తప్పదు. సైక్లింగ్ పూర్తి కాలేదా? మేత ఎక్కువైందా? వేడికి ఆక్సిజన్ తగ్గిందా? కొత్త చేపతో తెల్ల మచ్చల జబ్బు వచ్చిందా? అనుభవం లేనివాళ్లకు ఈ నాలుగు ప్రశ్నలే ఎక్కువ. నీళ్లు ఆర్వో-డీఐ నుంచి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) సున్నాతో వచ్చి, ఎప్పుడూ వాడే ఉప్పే కలిసి, 35 దగ్గర ఉంటే, కొత్తగా పోసిన నీళ్ల మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. వెతకాల్సింది ట్యాంక్ లోపలే. అదే సముద్రపు నీళ్లయితే పోయిన వారం తెచ్చినవీ ఈ వారం తెచ్చినవీ ఒకటి కావు. తేడా ఎక్కడుందో చెప్పే పరికరం ఇంట్లో లేదు. ఒక జీవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊహ మీద మందులు పోయడం నాకు ఇష్టం లేదు. నేర్చుకునే రోజుల్లో నీళ్ల మీద భరోసా ఉండటం మిగతా లాభాలన్నిటికంటే పెద్దది.

అత్యవసరంలోనూ ఇదే తేడా. అర్ధరాత్రి అమ్మోనియా పెరిగిందంటే తెల్లారేలోగా నీళ్లు మార్చాలి. పీహెచ్ 8.2 దగ్గర అమ్మోనియా విషం మరింత పదునుగా ఉంటుంది. డ్రమ్ములో పట్టిన ఆర్వో-డీఐ నీళ్లు, డబ్బాలో ఉప్పు ఉంటే పని జరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరినే తాకింది. అలాంటి తుఫాను రోజుల్లో, ఆ తర్వాత బురదగా మారిన సముద్రంలో, ఎవరూ క్యాన్ ముంచలేరు.

సాల్ట్ మిక్స్‌కూ లోపాలున్నాయి. అందులో అన్నిటికంటే బలహీనమైనది మనం కలిపే మంచినీళ్లు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చాలా అపార్ట్‌మెంట్లలో వాటికి బోరు నీళ్లు కలుస్తాయి. వంటింట్లో తాగే ఆర్వో కూడా నేరుగా పనికిరాదు. రుచి కోసం అందులో మినరల్స్ కలుపుతారు, లేదా కొంత ముడి నీటిని దాటవేసి కలుపుతారు. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా దగ్గర లేకపోతే మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ ఉన్న ఫిల్టర్ కావాలి. వృథాగా పోయే నీళ్లూ తక్కువేం కాదు, బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. రెండోది మన ఊరి తేమ. ప్యాకెట్ తెరిచి వదిలేస్తే ఉప్పు గాలిలోని తడి లాగి గడ్డ కడుతుంది. తడిసిన ఉప్పు తూకం నమ్మలేం, అందుకే గ్రాముల లెక్క మొదలుపెట్టడానికే, ఆఖరి మాట సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ది. దాన్నీ 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. కలిపేటప్పుడు నీళ్లలో ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుగుకు పోతుంది. చిన్న మోటారుతో ఒక రోజు తిప్పాక వాడండి. ఆల్కలినిటీ కంపెనీని బట్టి మారుతుంది, సముద్రంలో ఏడు డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) దగ్గరుంటే కొన్ని మిక్స్‌లలో పదకొండు దాటుతుంది. ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి.

అయినా సముద్రపు నీళ్లే అనుకునేవాళ్లు, పెద్ద ట్యాంక్ ఉండి కొంత అనుభవం వచ్చినవాళ్లు, ఒడ్డున ముంచకండి. ఆర్కే బీచ్‌లో కాలువలు కలిసే చోట్లు, హార్బర్ నోరు, భీమిలిలో గోస్తని కలిసే చోటు అసలే వద్దు. తెలిసిన మత్స్యకారుల బోటు మీద ఒడ్డుకు బాగా దూరం వెళ్లి, వాన పడని రోజుల్లో పట్టుకోండి. సన్నని ఫిల్టర్ గుండా వడకట్టి, మూత పెట్టి, చీకట్లో రెండు వారాలైనా ఉంచి, సెలినిటీ చూసి వాడండి. వెళ్లారు కదా అని పగడమున్న రాళ్లు తేకండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

మిగతావి క్లుప్తంగా. షాపులో కలిపి అమ్మే నీళ్లు మొదట నింపడానికి సౌకర్యమే, పోసే ముందు సెలినిటీ, నైట్రేట్ మీరే చూసుకోండి. వంట ఉప్పు, కళ్లుప్పు వద్దు. అవి దాదాపు మొత్తం సోడియం క్లోరైడే, చేపకు కావాల్సిన మిగతా లవణాలు వాటిలో తగినంత ఉండవు. తీరం పక్క ఇళ్లలో ఉప్పగా వచ్చే బోరు నీళ్లు కూడా పనికిరావు. వాటిలో లవణాల పాళ్లు సముద్రంలా ఉండవు, సీజన్‌తో పాటు మారతాయి.