దయానిధి ముందా, ఇందిర ముందా?

"ఒక మంచి తెలుగు నవల చెప్పండి" అని చెన్నైలో అడిగేవారు రెండు రకాలు. ఉద్యోగం కోసం వచ్చి పాత మహాబలిపురం రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో అద్దెకుంటున్నవారు మొదటి రకం. వీరికి చదవడం వచ్చు, తీరిక ఉండదు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటూ, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుని, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కున్నవారు రెండో రకం. వీరికి ఆశ ఎక్కువ, వేగం తక్కువ. ఎవరడిగినా నా జవాబు ఒకటే: డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. ఇలా అన్నప్పుడల్లా బుచ్చిబాబు అభిమానులు నా మీదికి వస్తారు. 'చివరకు మిగిలేది' ఉండగా ఇంకొకటి ముందు ఎలా చెబుతావంటారు.

'చివరకు మిగిలేది' గొప్పతనం గురించి నాకు పేచీ లేదు. 1940ల్లో వచ్చిన ఆ నవలలో డాక్టరు దయానిధిని తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలు జీవితమంతా వెంటాడతాయి. ఎక్కడికి వెళ్ళినా ఆ నీడ అతనికంటే ముందే అక్కడికి చేరుతుంది. కోమలి, అమృతం, భార్య ఇందిర, ఇలా ఎవరు దగ్గరికి వచ్చినా అతను ముందు తన మనసులోకి తొంగిచూసుకుని ఆ తర్వాతే వాళ్ళ ముఖం చూస్తాడు. ఒక చిన్న సంఘటన జరిగితే దాని చుట్టూ పేజీలకు పేజీలు ఆలోచన సాగుతుంది. ఆ వాక్యాల అందం తెలియాలంటే ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. తాంబరం నుంచి బీచ్ స్టేషనుకు లోకల్ రైల్లో ఒంటికాలి మీద నిలబడి చదివే పుస్తకం కాదది. అక్షరాలు కూడబలుక్కునేవారికి ఇస్తే పాతిక పేజీల దగ్గర దయానిధితో పాటు వాళ్ళూ దిగులులో పడతారు. పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. మర్యాదస్తులు కాబట్టి "బాగుందండీ, చదువుతున్నాను" అంటారు. ఆ మాట విన్నారంటే ఆశ వదులుకోవచ్చు.

శ్రీదేవి నవలలోనూ ఒక ఇందిర ఉంది. ఆ పేరు తప్ప ఇద్దరికీ పోలిక లేదు. విశాఖపట్నంలో తాగుడు అలవాటున్న తండ్రిని పెట్టుకుని ఇల్లు నెట్టుకొస్తున్న అమ్మాయి ఈ ఇందిర. తనకేం కావాలో ఆమెకు తెలుసు, దాన్ని దాచుకోదు. అదే ఇంటి మేడగదిలో అద్దెకున్న వైద్య విద్యార్థి ప్రకాశం మంచివాడు, మెత్తనివాడు, పెద్దవాళ్ళ గొంతు పెరిగితే నీరుకారిపోయేవాడు. కల్యాణి, వసుంధర, కృష్ణమూర్తి కలిశాక కథ చకచకా నడుస్తుంది. రచయిత్రి ఎవరినీ వెనకేసుకురాదు, ఎవరినీ బోనెక్కించదు. ఎక్కువ భాగం సంభాషణ. ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చినవారికి అది అడ్డుపడదు.

సులువు కాబట్టి ముందు పెడుతున్నానని అనుకోకండి. నవల ఇచ్చిన వారంలో అవతలివారి నుంచి ఫోను రావాలి. నా తూకం అది. ఇందిర చేసింది తప్పని ఒకరు, ప్రకాశాన్ని చెంప పగలగొట్టాలని ఇంకొకరు, అసలు కల్యాణిదే కథంతా అని మరొకరు. మా ఫ్లాట్ల మెట్ల మీద ఇందిర తరఫున వాదించిన ఒక పెద్దావిడ, మాట మధ్యలో తమిళంలోకి దిగి మరీ ప్రకాశాన్ని తిట్టారు. దయానిధిని చదివినవారు మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం విలువైనదే, కానీ రెండో పుస్తకం అడిగించదు. శ్రీదేవి ఈ ఒక్క నవలే రాశారు. 1961లో, 32 ఏళ్ళయినా నిండీ నిండకముందే పోయారు. ఇది 1957-58లో సీరియల్‌గా వచ్చిన 'తెలుగు స్వతంత్ర' వారపత్రిక పుట్టింది కూడా మద్రాసులోనే.

మద్రాసు పేరెత్తితే 'పాకుడురాళ్లు' మాటేమిటని అడుగుతారు. రావూరి భరద్వాజకు 2012 జ్ఞానపీఠం వచ్చాక ఈ ఊరి తెలుగువారికి ఆ నవల మీద మక్కువ పెరిగింది. మద్రాసు సినిమా లోకం, అందులో పైకెక్కే మంజరి, ఎక్కుతూ జారడం: సరుకున్న నవలే. కానీ కోడంబాక్కం కబుర్లు వింటూ పెరిగినవారికి ఇవ్వడం ప్రమాదం. మంజరి అంటే ఫలానా నటే కదా అని ఆరా తీయడంలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పైగా లావు పుస్తకం. మూడో నాలుగో నవలగా ఇవ్వండి.

ఇంట్లో అందరికీ కలిపి ఒక్కటి కావాలంటే మాత్రం నా తీర్పు మారుతుంది. అప్పుడు 'బారిష్టర్ పార్వతీశం' తీయాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో రాసిన మొదటి భాగం చాలు. తరువాతి భాగాలు చాలా ఏళ్ళకు వచ్చాయి, ఆ ఊపు వాటిలో లేదు. తెలుగు అర్థమై చదవడం రాని పిల్లలు ఈ ఊళ్ళో ఇంటింటా ఉన్నారు. మొగల్తూరు నుంచి బయలుదేరి, ఆడవాళ్ళ టోపీ దర్జాగా నెత్తిన పెట్టుకునే పార్వతీశాన్ని పైకి చదివి వినిపిస్తే, పడి పడి నవ్విన పిల్లలు తరువాతి పేజీ తామే తిప్పుతారు.

పుస్తకాలు విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోవాల్సి రావచ్చు. ఆర్డరు పెట్టేటప్పుడు పార్వతీశాన్నీ 'కాలాతీత వ్యక్తులు'నూ కలిపి పెట్టండి, పోస్టు ఖర్చు కలిసొస్తుంది. "'చదువుకున్న అమ్మాయిలు' చూశాం, కథ తెలుసు" అని తప్పించుకునేవారికి మాత్రం లొంగకండి. 1963 నాటి ఆ సినిమాకు ఈ నవలే ఆధారం, నిజమే. సరదాగా చూడదగ్గ సినిమా కూడా. కానీ శ్రీదేవి ఇందిర ఆ తెరమీద కనబడదు.