జియాలజీ ఉద్యోగం గ్యారంటీ అన్న కోర్సుకు ఫీజు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

జియాలజీలో పీజీ అయ్యాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు కంటబడింది ఒక ఆన్‌లైన్ కోర్సు. నాలుగు నెలల శిక్షణ, చివర్లో ‘కాంపిటెంట్ పర్సన్’ సర్టిఫికెట్, ఆపైన గనుల కంపెనీలోనో చమురు కంపెనీలోనో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఒకే విడతలో కడితే తగ్గింపు అనేసరికి దాచుకున్నదంతా ఊడ్చి కట్టేశాను.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఎవరూ అమ్మగలిగేది కాదు. నిక్షేపంలో ఖనిజం ఎంతుందో కంపెనీలు బయటికి ప్రకటించడానికి ఆస్ట్రేలియాలో జార్క్ కోడ్, కెనడాలో ఎన్ఐ 43-101 అనే నిబంధనలున్నాయి. ఆ లెక్కలకు బాధ్యత వహించి సంతకం పెట్టే మనిషిని ఆస్ట్రేలియాలో కాంపిటెంట్ పర్సన్ అంటారు, కెనడాలో క్వాలిఫైడ్ పర్సన్ అంటారు. రెండుచోట్లా కనీసం 5 ఏళ్ల అనుభవం, గుర్తింపున్న వృత్తి సంఘంలో సభ్యత్వం ఉండాల్సిందే. జార్క్ అయితే ఆ అనుభవం అదే తరహా నిక్షేపం మీద ఉండాలంటుంది. నాలుగు నెలలు వీడియోలు చూసినవాడు ఆ సంతకం పెట్టడం కుదరని పని. 1997లో బయటపడ్డ బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ మోసం తర్వాతే కెనడా ఆ నిబంధన తెచ్చింది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో డ్రిల్లింగ్ శాంపిళ్లలో బయటి బంగారం కలిపి, లేని గనిని ఉన్నట్టు చూపించిన కథ అది. పరీక్షలో దాని గురించి రెండు పేజీలు రాసినవాణ్ని, నా చేతికొచ్చిన బ్రోషర్‌లో కలిపిన బంగారాన్ని మాత్రం పట్టుకోలేకపోయాను.

క్లాసులన్నీ చెత్త అనను. మడ్ లాగింగ్ (బావి తవ్వుతుంటే పైకొచ్చే రాతి ముక్కల్ని పరీక్షించి నమోదు చేసే పని) చెప్పినాయన చమురు బావులు తవ్వే రిగ్గు మీద పనిచేసి వచ్చినవారే, బాగా చెప్పారు. కానీ ‘మా దగ్గర మాత్రమే దొరికే డేటా’ అని ఊరించి ఇచ్చింది ఉత్తర సముద్రంలోని వోల్వే చమురు క్షేత్రం డేటా. నార్వే చమురు కంపెనీ ఈక్వినార్ 2018లోనే దాన్ని అందరికీ విడుదల చేసింది. మ్యాపులు గీయించింది క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అదీ ఉచితమే.

ఇక గ్యారంటీ. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉన్న ముక్క ఇది: రెండు అవకాశాలు చూపిస్తారు, రెండూ కాదంటే ఫీజు వాపసు రాదు. మొదటి ‘అవకాశం’ ఫోన్లో బీమా పాలసీలు అమ్మడం. నిజంగానే. రెండోది సముద్రంలో రిగ్గు మీద ఉద్యోగం అన్నారు. చేరేముందు వీసాకి, వైద్య పరీక్షకి, భద్రతా శిక్షణకి డబ్బు వాళ్ల ఖాతాలోనే వేయాలట. ఆ శిక్షణ మొత్తం ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో అయిపోతుందన్నారు. అక్కడ అర్థమైంది నాకు. రిగ్గుకు వెళ్లేవాళ్లు చేసే బోసియెట్ అనే భద్రతా శిక్షణలో హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడటం నేర్పుతారు, దానికి కొలనులో దిగి మునగాల్సిందే. ఇంట్లో బకెట్‌లో మునగమంటారేమో!

డబ్బు వేయలేదు. దాంతో రెండు అవకాశాలూ నేనే వదులుకున్నట్టు లెక్కగట్టి వాపసు లేదన్నారు. గట్టిగా అడిగితే ‘మార్కెట్ బాగాలేదు’ అన్నారు. అబద్ధమని నేను అనలేను. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైనున్న చమురు 2016 జనవరికి 30 కిందికి పడినప్పుడు ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లే ఇంటికెళ్లారు. అలా ఊగే రంగంలో ఉద్యోగానికి గ్యారంటీ ఎలా రాసిచ్చారన్నదే నా ప్రశ్న. దానికి ఇంతవరకు జవాబు లేదు.

కొత్త బ్యాచ్‌కి చేరాలనుకుంటున్నవాళ్లు ఫీజు కట్టకముందే ఒప్పందం కాపీ అడగండి. పాత బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ముగ్గురితో నేరుగా మాట్లాడించమనండి. నేను కట్టేశాక అడిగితే ‘గోప్యత’ అన్నారు. ఫిర్యాదు పెట్టాను. రసీదులు, చాట్‌లు, ఒప్పందం అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఇలాగే చిక్కుకున్నవాళ్లుంటే మీ ఒప్పందంలో వాపసు గురించి ఏం రాశారో కింద పెట్టండి, పోల్చి చూద్దాం.