యమహా పీఎస్ఆర్-ఈ373: డిమిన్యుయెండో సాధనకు సరిపోతుందా?

కడపలో కీబోర్డు నేర్చుకునే పిల్లలకైనా, చర్చిలో వాయించేవాళ్ళకైనా ఈ 61 కీల కీబోర్డు ధైర్యంగా చెప్పొచ్చు. కారణం, దీనికి టచ్ రెస్పాన్స్ ఉంది. అది లేనిదాని మీద గట్టిగా కొట్టినా, మెల్లగా తాకినా మోత ఒకటే. అప్పుడు డిమిన్యుయెండో, అంటే ధ్వనిని క్రమంగా తగ్గిస్తూ పోవడం, వేళ్ళతో సాధ్యం కాదు.

సెట్టింగులో సాఫ్ట్, మీడియం, హార్డ్, ఫిక్స్‌డ్ అని నాలుగుంటాయి. సాఫ్ట్ పెడితే ధ్వని మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో కొంచెం తాకినా పెద్దగా పలుకుతుంది, తగ్గించడానికి చోటుండదు. మీడియంలో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక హార్డ్‌కి మారండి. ఫిక్స్‌డ్‌లో ఎలా నొక్కినా ధ్వని ఒకటే కాబట్టి దాని జోలికి పోవద్దు. స్టైల్, అంటే వెనక దానంతటదే మోగే తాళవాద్యం, కూడా ఆపేయండి. మీరెంత తగ్గించినా వెనక రిథమ్ తగ్గదు.

సాధన గ్రాండ్ పియానో వాయిస్‌లోనే చెయ్యాలి. నొటేషన్‌లో కుడివైపుకు మూసుకుపోయే రెండు గీతలు కనబడగానే ఒక్కసారిగా మెత్తగా వాయించడం అందరూ చేసే పొరపాటు. గుర్తు మొదలైనచోట ధ్వని ఇంకా పెద్దగానే ఉండాలి. గుర్తు నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) ఉంటే ఫోర్టే (పెద్దగా), మెజో ఫోర్టే (ఓ మోస్తరు పెద్దగా), మెజో పియానో (ఓ మోస్తరు మెత్తగా), పియానో (మెత్తగా; ఇక్కడ వాద్యం పేరు కాదు) అని బారుకో మెట్టు దిగండి. ధ్వనితోపాటు వేగమూ జారిపోతుంది కాబట్టి వేగం చూపే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి ఉంచండి. స్ట్రింగ్స్‌లో నొక్కిపట్టిన స్వరాన్ని వేలితో తగ్గించలేం, వాల్యూమ్ తిప్పాల్సిందే. కాలితో ధ్వనిని పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి జాక్ లేకపోవడం దీనికి నిజమైన లోటు.

కీలు పియానో కీల్లా బరువుగా ఉండవు. అందుకే మెట్లలో చివరిదైన పియానో దగ్గర కొన్ని స్వరాలు అసలు పలకవు. వేలిని కీ మీదే ఆనించి, నిదానంగా అడుగుదాకా దించితే పలుకుతాయి. స్పీకర్లు 2.5 వాట్లవి రెండే. మన ఎండాకాలం ఫ్యాన్ హోరులో ఆ చివరి మెట్టు వినబడదు, హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే 61 కీలనూ ఒకే బలంతో వరసగా నొక్కి చూడండి. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది ఎంతసేపటికి తగిలిందన్నదాన్నిబట్టి ధ్వని స్థాయి తేలుతుంది. వాటిలో దుమ్ము చేరితే మెల్లగా నొక్కినా ఆ ఒక్క కీ అరుస్తుంది, లేదా మూగబోతుంది. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్ళు వాయించడం ఆపగానే గుడ్డ కప్పాలి. అప్పటికే కీ అరుస్తుంటే సెట్టింగులు మార్చి లాభం లేదు, విప్పి కాంటాక్టులు శుభ్రం చేయించాలి.