పక్కపక్క దేశాలే, కానీ బోట్స్వానా ఎక్కడ, జింబాబ్వే ఎక్కడ

మొన్న మధురవాడలో ప్లాట్ చూసి లోన్‌కి వెళ్తే బ్యాంకోళ్ళు ముందు అడిగింది లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్). విసుగొచ్చింది గానీ అసలు కథంతా అక్కడే, ఆస్తి ఎవరిదో తేలడంలోనే ఉంది గురూ, ఈ రెండు ఆఫ్రికా దేశాల కథ కూడా.

బోట్స్వానాకి 1966లో స్వాతంత్ర్యం వచ్చేసరికి దేశం మొత్తంలో తారు రోడ్డు ఓ 12 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా అనుకోండి. మరుసటేడే వజ్రాలు దొరికాయి, అదీ ఎక్కడ, ప్రెసిడెంట్ సెరెట్సె ఖామా సొంత తెగ భూముల్లో, అయినా ఆయన గనుల హక్కులు తెగకి కాదు దేశానికే అని చట్టం చేయించేశాడు, ఆ డబ్బు రోడ్లకీ బళ్ళకీ ఆస్పత్రులకీ వెళ్ళింది.

జింబాబ్వేకి 1980లో స్వాతంత్ర్యం వచ్చేసరికే ఫ్యాక్టరీలు, రైళ్ళు, మంచి పొలాలు అన్నీ ఉన్నాయి. మంచి భూమంతా తెల్లోళ్ళ చేతిలో ఉండటం అన్యాయమే, ఒప్పుకుంటా, కానీ 2000 నుంచి సర్కారు దాన్ని లాక్కున్న తీరు చూడండి, 2005లో ఏకంగా రాజ్యాంగం మార్చి ఆ భూముల మీద కోర్టుకే వెళ్ళకూడదన్నారు. అమ్ముకునే హక్కు లేని పొలం పెట్టుకుని బ్యాంకు అప్పిస్తుందా? పంట పడిపోయింది, సర్కారు నోట్లు గుద్దింది, 2009కి వంద లక్షల కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు!

బోట్స్వానా స్వర్గమేం కాదు, వజ్రాల రేటు పడితే బడ్జెట్టూ పడుద్ది. కానీ 2024లో 58 ఏళ్ళుగా ఏలిన పార్టీ ఓడిపోతే ప్రెసిడెంట్ గొడవ లేకుండా కుర్చీ దిగిపోయాడు.