కోషర్ కుటుంబంతో పార్క్ సిటీ స్కీ సెలవులు: పాయింట్లు ఎక్కడ పెట్టాలి

క్రెడిట్ కార్డులు, విమాన సంస్థలు, హోటళ్లు ఇచ్చే పాయింట్లన్నీ విమానం టికెట్లకే పోసేసి, బస సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంటే కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించే కుటుంబానికి స్కీ ప్రయాణం ఖరీదూ అవుతుంది, అవస్థా అవుతుంది. న్యూయార్క్ నుంచి యూటాలోని పార్క్ సిటీకి ఏళ్ల తరబడి పాయింట్ల మీదే వెళ్లివస్తున్న అనుభవంతో గట్టిగా చెప్పగలను. మొదట వంటగది ఉన్న బస పట్టాలి, తర్వాత తేదీలు ఖాయం చేసుకోవాలి, సీట్లు ఆ తర్వాతే.

కోషర్ ఇంట్లో మాంసమూ పాలూ కలవవు. గిన్నెలు, కత్తులు, కోసే పలకలు దేనివి దానికే వేరు. ధ్రువీకరణ ముద్ర లేని పొట్లం లోపలికి రాదు. మడివంట జరిగే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. దీనికి తోడు షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం ఉంటుంది. శుక్రవారం పొద్దుగూకే ముందు మొదలై శనివారం బాగా చీకటి పడేదాకా వంట చేయరు, కారెక్కరు, స్విచ్చి ముట్టరు. స్కీ ఊరిలో తలెత్తే చిక్కులన్నీ దాదాపు ఈ రెండింటి దగ్గరే.

పార్క్ సిటీనే ఎంచుకోవడానికి కారణం రోడ్డు. సాల్ట్ లేక్ విమానాశ్రయం నుంచి ఐ-80 హైవే మీద 40 నిమిషాల్లో కొండ కిందికి చేరతారు. జేఎఫ్‌కే నుంచి డెల్టా, జెట్‌బ్లూ నేరుగా వెళతాయి, ప్రయాణం సుమారు 5 గంటలు. డెన్వర్‌లో దిగి కొలరాడోలోని మరో స్కీ ఊరు వేల్‌కు వెళ్లాలంటే ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటాలి. మామూలు రోజు రెండు గంటల పైచిలుకు పట్టే దారి, మంచు పడిన వారాంతంలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. షబ్బాత్ దగ్గర పడుతుంటే ఆ దారిని నమ్ముకోకూడదు. పార్క్ సిటీలోనూ, సాల్ట్ లేక్‌లోనూ, వేల్‌లోనూ ఖబాద్ అనే యూదు మత సంస్థ కేంద్రాలున్నాయి. ప్రార్థన వేళలు, శుక్రవారం రాత్రి భోజనం గురించి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పాయింట్ల లెక్క తేలికే. నగదు ధరలోంచి పాయింట్ల టికెట్ మీద కట్టాల్సిన పన్ను తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. ఉదాహరణకు రానుపోను టికెట్ 380 డాలర్లు, లేదా 28,000 పాయింట్లు అనుకుందాం. ఒక్కో వైపు 5.60 చొప్పున భద్రతా రుసుము 11.20 పోతే 368.80 మిగులుతుంది. అంటే పాయింటుకు 1.3 సెంట్లు. అది 1.2కు తగ్గితే నేనైతే నగదు కట్టి, పాయింట్లు బసకు దాచుకుంటాను.

నలుగురైదుగురికి ఒకేసారి వెతకడం డబ్బు దండగ. చవక ధరలో రెండే సీట్లు మిగిలి ఉంటే, ఐదు సీట్లు అడిగినవాళ్లకు ఐదింటికీ పై ధరే చూపిస్తారు. ముందు ఒకరికి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి అని వెతికి, ధర ఎక్కడ ఎగబాకిందో చూసి టికెట్లు విడగొట్టండి. పసిపిల్లలున్న టికెట్‌లో ఒక పెద్ద మనిషి తప్పక ఉండాలి. ఆ తర్వాత ఫోన్ చేసి రెండు బుకింగులనూ జత చేయించండి. క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన సంస్థ ఖాతాకు మళ్లిస్తే మళ్లీ వెనక్కి రావు, కాబట్టి సీటు కళ్లకు కనబడేదాకా కదిలించకండి. అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు నుంచి డెల్టాకు మళ్లిస్తే పాయింటుకు 0.06 సెంట్లు, గరిష్ఠంగా 99 డాలర్లు రుసుము పడుతుంది.

పాయింట్ల టికెట్‌లో అసలు సుఖం రద్దు చేసుకోవడంలో ఉంది. అమెరికాలో బయలుదేరే ఇలాంటి టికెట్లను పెద్ద సంస్థలు మామూలుగా రుసుము లేకుండానే రద్దు చేసి పాయింట్లు తిరిగి జమ చేస్తాయి. అన్నిటికన్నా చవకైన బేసిక్ తరగతికి నిబంధన వేరు, చదివి తీసుకోండి. అందుకే ధర బాగున్న రోజే తీసేసుకుని, తగ్గినప్పుడు రద్దు చేసి మళ్లీ కొంటాం. జనవరి మూడో వారం ప్రాంతంలో యూదు బడులకు సెలవులు వస్తాయి. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం ఉంటుంది. ఈ రెండు వారాల్లోనూ పాయింట్ల ధర ఆకాశాన్నంటుతుంది. బడి ఒప్పుకుంటే ముందు వారమో తర్వాతి వారమో వెళ్లండి.

శుక్రవారం విమానం మాత్రం ఎక్కకండి. పొద్దున్నే బయలుదేరినా సరే, ఒక్క మంచు తుఫాను చాలు మధ్యదారిలో షబ్బాత్ గడపాల్సి రావడానికి. బుధవారం రాత్రి లేదా ఆదివారం పొద్దున వెళ్లడం మంచిది. తిరుగు ప్రయాణానికి శనివారం అర్ధరాత్రి బయలుదేరి తెల్లారేసరికి దింపే రెడ్ ఐ విమానం బాగా కుదురుతుంది. జనవరి మధ్యలో షబ్బాత్ సాయంత్రం 6:15 ప్రాంతంలో ముగుస్తుంది, సామాను సర్దుకోవడానికి సమయం చాలినంత.

బస విషయంలో హయాత్, మ్యారియట్ రెండూ పనికొస్తాయి. హయాత్‌లో పాయింట్ల రాత్రులకు రిసార్ట్ రుసుము వేయరు. మ్యారియట్‌లో ఐదు రాత్రులు పాయింట్ల మీద తీసుకుంటే నాలుగింటికే పాయింట్లు పోతాయి. కొండ అడుగునే ఉన్న మ్యారియట్స్ మౌంటెన్‌సైడ్‌లో వంటగది ఉన్న విల్లాలున్నాయి. ఇలాంటి చోట్ల జాగ్రత్తపడాల్సింది గది రకం గురించి. పెద్ద విల్లాలోంచి విడదీసిన చిన్న గదిలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ తప్ప పొయ్యి ఉండదు. ‘కిచెనెట్’ అని రాసి ఉంటే పొయ్యి ఉందనుకోకండి, ఫోన్ చేసి అడగండి. ఆ ఫోన్‌లోనే కింది అంతస్తు, మామూలు తాళంచెవి దొరుకుతాయేమో కూడా కనుక్కోండి. కార్డుతో తెరిచే తలుపు, మనిషి కదిలితే వెలిగే దీపం షబ్బాత్ నాడు పెద్ద తలనొప్పి. ఊరికి ఎరువ్ (షబ్బాత్ నాడు బయట వస్తువులు మోయడానికి వీలిచ్చే హద్దు) లేకపోతే తాళంచెవి జేబులో పెట్టుకుని నడవడం, పిల్లల బండి తోయడం కూడా కుదరవు.

అక్కడి పొయ్యిని, ఓవెన్‌ను కోషర్ చేయాలని తంటాలు పడటం కన్నా మన సామాను తీసుకెళ్లడం నయం. ఒక ఇండక్షన్ పొయ్యి, మాంసానికి ఒక కుండ, ఒక ప్రెషర్ కుక్కర్, పాలకు ఒక చిన్న గిన్నె, రెండు రంగుల కత్తులు, తిప్పే మీటతో నడిచే స్లో కుక్కర్, షబ్బాత్ హాట్‌ప్లేట్. డిజిటల్ స్లో కుక్కర్ వద్దు, కొన్ని గంటలకు దానంతటదే ఆరిపోతుంది. వండి తెచ్చినదాన్ని అక్కడి ఓవెన్‌లో వేడి చేయాలంటే అల్యూమినియం రేకు రెండు పొరలు చుట్టాలి.

కరెంటు సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. వంటగది లైను 20 ఆంపియర్లైతే 120 వోల్టుల మీద 2,400 వాట్లే మోస్తుంది. 1,800 వాట్ల ఇండక్షన్, 700 వాట్ల నీళ్ల అర్న్ (నీళ్లను వేడిగా ఉంచే పాత్ర) ఒకే లైను మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది. శుక్రవారం రాత్రి పడితే మళ్లీ ఎత్తేవాళ్లుండరు, భోజనం చల్లారిపోవాల్సిందే. హాట్‌ప్లేట్, స్లో కుక్కర్, అర్న్ మూడూ వేర్వేరు లైన్ల మీద పెట్టి, గురువారం రాత్రే రెండు గంటలు నడిపి చూడండి.

పార్క్ సిటీ సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. శనివారం మధ్యాహ్నానికి రాత్రంతా ఉడికే కూర చోలెంట్‌లోకి వేసే రాజ్మా, బార్లీ ఇంట్లో ఉడికినట్టు స్లో కుక్కర్‌లో ఉడకవు. రాజ్మా రాత్రంతా నానబెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, అప్పుడే స్లో కుక్కర్‌లోకి మార్చండి. పప్పన్నం వండుకునేవాళ్లకూ ఇదే కుక్కర్ దిక్కు. షబ్బాత్ భోజనాల్లో తినే హాలా రొట్టెలు గడ్డకట్టించి పట్టుకెళ్లడమే మేలు. మూడు షబ్బాత్ భోజనాలకు రెండేసి చొప్పున ఆరు కావాలి, చిన్న బన్నులైనా సరిపోతాయి.

మాంసం ఇంటి నుంచే వెళ్లాలి. రాయిలా గడ్డకట్టించి మెత్తటి కూలర్ సంచిలో సర్దితే మంచు పెద్దగా అక్కర్లేదు. డ్రై ఐస్ పెడితే మనిషికి 2.5 కిలోలే పరిమితి. ఆవిరి బయటికి పోయేలా సంచి ఉండాలి, పైన రాయాలి, విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. చేతి సంచిలో జెల్ ప్యాక్ ఉంటే తనిఖీ దగ్గరికొచ్చేసరికి గట్టిగా గడ్డకట్టే ఉండాలి, కరుగుతుంటే పక్కన పెట్టేస్తారు. చెకిన్ చేసిన సంచి మన కంటి ముందుండదు గనక మాంసానికి రెండు ముద్రలు తప్పనిసరి. కంపెనీ సీలు ఒకటి, దాని మీద మనం టేపు వేసి సంతకం చేసింది రెండోది. స్కీల సంచి, బూట్ల సంచి కలిపి చాలా సంస్థలు ఒకే లగేజీగా లెక్కిస్తాయి, కానీ బూట్ల సంచిలో మాంసం కుక్కితే ఆ వెసులుబాటు పోతుంది. ఇక అమెరికా లోపలి విమానాల్లో ఎకానమీలో కోషర్ భోజనం ఉండదనుకునే బయలుదేరండి.

కొండ మీద మధ్యాహ్నానికి వెడల్పు మూతి ఫ్లాస్కులు పట్టుకెళ్లండి. సూప్ పోసే ముందు పది నిమిషాలు మరుగునీళ్లు పోసి ఉంచితే తినేవేళకూ పొగలు కక్కుతుంది. పిల్లల్ని రోజంతా స్కీ పాఠానికి పంపుతుంటే, భోజనం వద్దని మాత్రమే రాస్తే చాలదు. విరామంలో అందరితోపాటు హాట్ చాక్లెట్ కూడా చేతికిస్తారు. అదీ వద్దని, ఇంటి డబ్బా పంపుతున్నామని శిక్షకుడికి నోటితో చెప్పండి. కుర్రాళ్లు మతాచారంగా బట్టలకు వేలాడే ట్సిట్సిత్ పోగుల్ని జాకెట్ లోపలికి దోపుకోవాలి, స్కర్టు వేసుకునే అమ్మాయిలు దాని అంచు పట్టుకుని కూర్చోవాలి. లిఫ్టు కుర్చీకి వేలాడే గుడ్డ చిక్కితే ప్రమాదం.

లిఫ్టు టికెట్ కౌంటర్‌లో కొనకండి. రద్దీ రోజుల్లో ఒక్కరికే 300 డాలర్లు దాటుతుంది. కొన్ని రోజుల స్కీయింగ్‌కు ముందుగా కొనే ఎపిక్ డే పాస్ సీజన్ మొదట్లోనే తీసుకుంటే చాలా తక్కువ, పైగా రోజులు వరసగా వాడక్కర్లేదు కాబట్టి శనివారం వృథా కాదు. డిసెంబరు చివరి వారంలో షబ్బాత్ మొదలవుతూ దీపాలు పెట్టే వేళ సుమారు 4:45. శుక్రవారం ఒంటిగంటకల్లా స్కీలు విప్పేయండి. తడి బట్టలు ఆరేయాలి, అందరూ స్నానాలు చేయాలి, ఫ్రిజ్ దీపం స్విచ్చికి టేపు వేయాలి. ఇవన్నీ కానిచ్చేసరికి మూడున్నర అవుతుంది.